వేసవి సెలవులు ఎవరికి?

బడికి సెలవులిస్తే పిల్లలందరికీ సెలవులు వచ్చినట్టేనని మనం అనుకుంటాం. తెలంగాణలో ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా, అంటే దాదాపు ఏడు వారాల పాటు బడులు మూసి ఉంటాయి. ఈ ఏడు వారాలు మగపిల్లవాడికి ఒక రకంగానూ ఆడపిల్లకు మరో రకంగానూ గడుస్తాయి. చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో పూలతోటలు, కూరగాయల మళ్లు ఎక్కువ. హైదరాబాదులోని గుడిమల్కాపూర్ మార్కెట్టుకు పొద్దున్నే పూలు చేరాలంటే అంతకు ముందే ఎవరో ఒకరు కోసి, బుట్టల్లోకి ఎత్తి ఉండాలి. తల్లి కోతకు పోతే ఇంట్లో చంటిపిల్లను ఎత్తుకునేది, నీళ్లు పట్టేది, అంట్లు తోమేది, పొయ్యి వెలిగించేది ఎవరో వేరే చెప్పనక్కరలేదు. బడి ఉన్నన్నాళ్లు ఆ పిల్లకు చదువు ఒక సాకుగానైనా పనికొస్తుంది. సెలవుల్లో ఆ సాకు కూడా ఉండదు.

ఈ కారణంగానే స్వచ్ఛంద సంస్థలు, కళాకేంద్రాలు వేసవిలో నడిపే చేతిపనుల తరగతులు, సైన్సు తరగతుల గురించి మనం తీవ్రంగా ఆలోచించవలసి ఉంది. ఇవి పట్నపు పిల్లలకు కాలక్షేపం కావచ్చు. పల్లె ఆడపిల్లకు మాత్రం ఇంటి గడప దాటి, పని కోసం కాక తన కోసం వెళ్లగలిగే ఒకే ఒక చోటు ఇదే కావచ్చు. అందువల్ల ఆ చోటు ఎలా ఉండాలి, అక్కడ ఏం నేర్పాలి, ఎవరు నేర్పాలి అన్నవి హక్కులకు సంబంధించిన ప్రశ్నలే.

మొదట చట్టం సంగతి చూద్దాం. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించినపుడు పద్నాలుగేళ్ల లోపు పిల్లలతో ఏ పనీ చేయించరాదని రాశారు. ఇది మంచి మాటే. కానీ ఆ వెంటనే ఒక మినహాయింపు ఇచ్చారు. ప్రమాదకరమైన పనులు కాకపోతే, బడి వేళల తర్వాత గానీ సెలవుల్లో గానీ పిల్లలు కుటుంబానికి, కుటుంబం నడిపే వృత్తికి సాయపడవచ్చునన్నారు. కుటుంబం అంటే తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లే కాదు. మేనత్తలు, మేనమామలు, చిన్నాన్నలు, పిన్నమ్మలు కూడా ఆ నిర్వచనంలోకి వస్తారు. చట్టం స్వయంగా ‘సెలవులు’ అన్న మాట వాడి, ఆ ఏడు వారాలను పనికి వదిలేసిందన్నమాట. గుత్తకు తీసుకున్న తోటలో తల్లితోపాటు కూతురు పూలు కోస్తుంటే అది కూలీయా, కుటుంబానికి సాయమా అని తేల్చే అధికారి ఎవరు? ఇంటిపని సంగతి సరే సరి. దాన్ని పనిగా లెక్కించే చట్టమే మనకు లేదు.

రెండోది పెళ్లి. పదో తరగతి పరీక్షలు అయిపోవడం, ముహూర్తాలు రావడం ఒకే కాలంలో జరుగుతాయి. 2019-20లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 20-24 ఏళ్ల వయసున్న స్త్రీలలో 23.5 శాతం మందికి పద్దెనిమిదేళ్లు నిండకముందే పెళ్లయింది. 2006 నాటి బాల్యవివాహాల నిషేధ చట్టం అమలులో ఉండగానే ఇది జరిగింది. బడి తెరిచే నాటికి హాజరుపట్టీలో పేరు ఉండి మనిషి లేని అమ్మాయి గురించి పంతుళ్లు అడిగేసరికి చాలాసార్లు ఆలస్యమైపోతుంది. వేసవిలో రోజూ ఆమె ముఖం చూసే పెద్దమనిషి బయట ఒకరున్నా, ఇద్దరు స్నేహితురాళ్లున్నా, కబురు ముందే తెలుస్తుంది.

ఈ ప్రాంతానికి ఈ చర్చ కొత్తది కాదు. మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991లో రంగారెడ్డి జిల్లా గ్రామాల్లో వెట్టిలోనూ కూలిలోనూ ఉన్న పిల్లలను బడికి తెచ్చే పని మొదలుపెట్టింది. బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్న సూత్రాన్ని అది గట్టిగా నిలబెట్టింది. ఈ సూత్రం వల్ల ఎక్కువగా వెలుగులోకి వచ్చింది ఆడపిల్లలే. పశువులు కాసేవాడు కంటికి కనబడతాడు, తమ్ముణ్ణి ఎత్తుకుని వాకిట్లో నిలబడ్డ పిల్ల పనిలో ఉన్నట్టు ఎవరికీ కనబడదు. పనిలో ఉన్న పిల్లలను కొన్ని నెలలు శిబిరాల్లో ఉంచి, చదువు అందించి, వయసుకు తగిన తరగతిలో చేర్పించే పద్ధతిని ఆ సంస్థ రూపొందించింది. దాని కార్యదర్శిగా పనిచేసిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ఆమె తొలి అధ్యక్షురాలయ్యారు. ఆ అనుభవం నుంచి మనం తీసుకోవలసిన పాఠం ఒకటుంది. పిల్ల కాలం ఎవరి చేతిలో ఉందన్నదే అసలు ప్రశ్న. పాఠం ఏమిటన్నది ఆ తర్వాతి ప్రశ్న.

అయితే కాలం సంపాదించాక దానితో ఏం చేస్తున్నాం? మొయినాబాద్ దగ్గర ఒక కేంద్రంలో వేసవి తరగతులు చెప్పడానికి వెళ్లినపుడు పేర్లు రాసుకునే కాగితం మీద రెండు గడులు కనబడ్డాయి: ఒకటి చేతిపనులు, ఒకటి సైన్సు. ఎవరూ ఎవరినీ బలవంతపెట్టలేదు. అయినా మొదటి గడి నిండా ఆడపిల్లల పేర్లు, రెండో గడి నిండా మగపిల్లల పేర్లు. ‘పిల్లలే కోరుకున్నారు మేడమ్’ అన్నారు నిర్వాహకులు. తల్లి కూడా అదే చెప్పింది: ‘కుట్లు అల్లికలు నేర్చుకుంటే రేపు పనికొస్తది. కరెంటు పని నేర్చుకుని ఇదేం చేస్తది?’ ఎవరి మాటలోనూ దురుద్దేశం లేదు. పితృస్వామ్యం పనిచేసే తీరే అది. అడ్డుకోనవసరం లేకుండా, ఎవరి గడిలోకి వారు నడిచి వెళ్లేలా చేస్తుంది.

ఈ రెండు గడులకు పెద్ద చరిత్ర ఉంది. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో పేదపిల్లల బడుల్లో ఆడపిల్లలకు కుట్టుపని తప్పనిసరి. ఆ గంటలు లెక్కల గంటల్లోంచి పోయేవి. అందుకని ఇన్‌స్పెక్టర్లు ఆడపిల్లల లెక్కల పరీక్షను కాస్త ఉదారంగా దిద్దేవారు. ముందు సమయం తీసేసుకుని, తర్వాత జాలి చూపి, చివరకు ఆడవాళ్లకు లెక్కలు రావని తేల్చారు. మన దేశంలో హంసా మెహతా కమిటీ 1964లో బాలబాలికలకు వేర్వేరు పాఠ్యాంశాలు కూడదని చెప్పింది. 1964-66 నాటి కొఠారి కమిషన్ దాన్ని సమర్థించి, పదో తరగతి దాకా సైన్సు, లెక్కలు అందరికీ తప్పనిసరి చేయాలంది. కాగితం మీద ఆ గోడ అప్పుడే కూలింది. బడి బయట మాత్రం నిలిచే ఉంది. 1982లో డ్వాక్రా పథకం వచ్చిన నాటి నుంచి స్త్రీల అభివృద్ధి పేరుతో మనం చూసిన శిక్షణలు గుర్తు చేసుకోండి. కుట్టుమిషన్లు, పచ్చళ్లు, అప్పడాలు, అగరుబత్తులు, కొవ్వొత్తులు. బోరుమోటారు బాగుచేయడం ఎక్కడో ఒకచోట ప్రయోగంగా జరిగితే దాని ఫొటో ఇరవై నివేదికల్లో కనబడేది. సంఘాల్లో పనిచేసే మనమే ఆ శిక్షణలు నడిపాం. వేసవి తరగతుల్లో మొదటి గడి ఆ వరుసలోనిదే.

దీనికి పరిష్కారం ఆడపిల్లలను చేతిపనుల నుంచి తీసి సైన్సులో కూచోబెట్టడం కాదు. అలా చేస్తే ఆడవాళ్ల చేతుల్లో ఉన్నది జ్ఞానం కాదని మనమే ఒప్పుకున్నట్టవుతుంది. గడులు రెండింటినీ చెరిపేయాలి. అది సాధ్యమే. కొన్ని ఉదాహరణలు చెబుతాను.

వేసవి గనక కుండతో మొదలుపెట్టవచ్చు. మట్టి రంజన్‌లో నీళ్లు ఎందుకు చల్లబడతాయి? పొద్దున నింపి తూచి, సాయంత్రం మళ్లీ తూస్తే కొంత బరువు తగ్గుతుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కెలోరీల వేడి కావాలి. వంద గ్రాములు తగ్గితే 58,000 కెలోరీలు. ఆ వేడి అంతా కుండలోని నీటి నుంచే పోయిందనుకుంటే దాదాపు ఆరు లీటర్ల నీరు పది డిగ్రీలు చల్లబడాలి. అసలు లెక్కలో కొంత వేడి గాలి నుంచి కూడా వస్తుంది, కాబట్టి అంత చల్లబడదు. ఎంత తేడా వచ్చిందో థర్మామీటరు పెట్టి చూడడమే పాఠం. ముసురు పట్టిన రోజుల్లో కుండనీళ్లు చల్లగా ఉండవని నీళ్లు మోసే పిల్లలకు తెలుసు. గాలిలో తేమ గురించి వాళ్ల దగ్గర సగం పాఠం సిద్ధంగా ఉంది. కుమ్మరి సారెకు నూనె పూసిన కుండా, పూయని కుండా పక్కపక్కన పెడితే మిగతా సగం వస్తుంది.

పసుపు తీసుకోండి. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది. పెళ్లికూతురి కాళ్లకు పెట్టే పారాణి అదే. పసుపు మరక పడ్డ చీరను సబ్బుతో ఉతికితే మరక ఎర్రగా మారడం ప్రతి ఆడపిల్లా చూసే ఉంటుంది. నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు రంగే వస్తుంది. క్షారాన్ని, ఆమ్లాన్ని గుర్తించే పరీక్ష ఇది. పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టిన కాగితం ముక్కలతో వాడకట్టులోని బోరునీళ్లు, బట్టల సోడా, మజ్జిగ, చింతపండు రసం అన్నీ పరీక్షించవచ్చు. పారాణి గిన్నె పట్టుకుని నిలబడ్డ పిల్ల చేతిలో రసాయనశాస్త్రం ఉందని, పదిహేనేళ్లకే ఆ పారాణి తన కాళ్లకు అంటుకోనవసరం లేదని ఒకే పూట చెప్పవచ్చు.

ముగ్గు సంగతి. ఒకటి, మూడు, అయిదు, ఏడు, మళ్లీ అయిదు, మూడు, ఒకటి అని చుక్కలు పెడితే మొత్తం ఇరవై అయిదు. మొదటి నాలుగు వరుసలూ కలిపితే పదహారు, మిగిలిన మూడూ తొమ్మిది. బేసి సంఖ్యలను వరుసగా కూడితే వర్గాలు వస్తాయన్న సూత్రం వాకిట్లో ఉంది. ఇదంతా మగపిల్లలూ వేయాలి. ఆడపిల్లలు బ్యాటరీ, బల్బు, తీగలు పట్టాలి. పాడైన టార్చిలైటు విప్పి మళ్లీ బిగించాలి. స్క్రూడ్రైవరు, సూది ఒకే పెట్టెలో ఉండాలి.

సైన్సు అంటే గాజుసీసాలే కావు, చుట్టూ ఉన్న నేల కూడా. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లోనూ, హిమాయత్‌సాగర్ 1927లోనూ పూర్తయ్యాయి. వాటిలోకి నీరు ఎక్కడ నుంచి వస్తుందో మట్టితో నమూనా చేస్తే మొయినాబాద్ పిల్లలకు తమ ఊరి ఉనికి అర్థమవుతుంది. ఆ నీటిని కాపాడటానికి 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. 84 గ్రామాల్లో కట్టడాల మీద ఆంక్షలు పెట్టింది. 2022 ఏప్రిల్‌లో జీవో 69 ద్వారా ప్రభుత్వం ఆ ఆంక్షలను సడలించింది. ఈ మధ్య కాలమంతా తోటలు ఫామ్‌హౌసులవుతూ వచ్చాయి. భూమి అమ్ముడైతే పట్టాలో పేరున్నవాళ్లకు డబ్బు వస్తుంది. పూలు కోసే స్త్రీకి కూలి పోతుంది. ఆమె అదే ఫామ్‌హౌసులో ఊడ్చే పనికి చేరుతుంది, సెలవుల్లో కూతురు వెంట వెళ్తుంది. చేవెళ్ల రోడ్డు విస్తరణలో మర్రిచెట్లను కాపాడుకోవాలని కొన్నేళ్లుగా సాగిన పోరాటం మనకు తెలుసు. ఆ చెట్ల చుట్టుకొలత కొలిచి, నీడలో ఉష్ణోగ్రతా ఎండలో ఉష్ణోగ్రతా రాసుకున్న పిల్లలు రేపు గ్రామసభలో మాట్లాడేటపుడు చేతిలో అంకెలుంటాయి.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరాన్ని ఎదుర్కోక తప్పదు. దళిత, బహుజన కార్యకర్తలు అడిగే ప్రశ్న ఇది: ‘పట్నం పిల్లలకు ఇంగ్లీషు, కంప్యూటరు. మా పిల్లలకు బుట్టలు, కుండలా? వాటి నుంచి బయటపడటానికే కదా మేం బడికి పంపింది?’ ఈ ప్రశ్న పూర్తిగా న్యాయమైనది. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రవేశపెట్టిన పథకంలో పిల్లలు ఒక పూట బడిలో చదువుకుని, రెండో పూట తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలన్నారు. అది కులవిద్య అని జనం తిరగబడ్డారు. 1954లో కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యాక దాన్ని రద్దు చేశారు. చేతిపని పేరెత్తిన ప్రతిసారీ ఆ నీడ మన మీద పడుతుంది, పడాలి కూడా.

కానీ చేతిపనిని వదిలేస్తే కులం పోదు, చేతిపని చేసేవాళ్లపై చిన్నచూపు మాత్రం మిగిలిపోతుంది. కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం రాసిన ‘టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద ల్యాండ్’ పుస్తకం కుమ్మరి, చాకలి, మంగలి, మాదిగ వృత్తుల్లోని విజ్ఞానాన్ని పాఠంగా నిలబెట్టింది. జహీరాబాద్ ప్రాంతంలో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ నడిపిన పచ్చసాలెలో పిల్లలు బడి చదువుతో పాటు చేతిపనులూ నేర్చుకున్నారు. అక్కడి దళిత స్త్రీలు విత్తనాల విషయంలో శాస్త్రవేత్తలతో సమానంగా వాదించారు. 1991లో హైదరాబాదు స్త్రీలు తెచ్చిన ‘సవాలక్ష సందేహాలు’ పుస్తకం వైద్యశాస్త్రాన్ని తెలుగులో, స్త్రీల ప్రశ్నల నుంచి మొదలుపెట్టి చెప్పవచ్చునని చూపింది. కాబట్టి నియమాలు స్పష్టంగా ఉండాలి. మేదరి పిల్లను పిలిచి ‘నీకు వచ్చుగా, అల్లి చూపించు’ అనకూడదు. అది ఆమె కులాన్ని తరగతిలో ప్రకటించడమే. వెదురు చీల్చడం రెడ్ల పిల్లలు, కోమట్ల పిల్లలు, మాల మాదిగ పిల్లలు అందరూ కలిసి నేర్చుకోవాలి. ఇంగ్లీషు, కంప్యూటరు కూడా అదే కేంద్రంలో, అదే పిల్లలకు అందాలి. ఒకటి ఇచ్చి రెండోది ఎగ్గొట్టడం కుదరదు.

నేర్పేవాళ్ల సంగతి కూడా మాట్లాడాలి. చాలా చోట్ల సైన్సు చెప్పడానికి పట్నం నుంచి వచ్చే యువకుడికి ప్రయాణ ఖర్చులు, పారితోషికం ఇస్తారు. బుట్ట అల్లిక నేర్పే ఊరి స్త్రీకి చీర, శాలువా, చప్పట్లు. రోజంతా పిల్లలను కనిపెట్టుకుని ఉండే అమ్మాయికి ‘సేవ’ అన్న బిరుదు. స్త్రీల శ్రమకు విలువ కట్టాలని ఈ పత్రికల్లో మనం ఎన్నేళ్లుగా రాస్తున్నాం! మన కేంద్రాల జీతాల పుస్తకంలో ఆ విలువ కనబడాలి. గంటకు ఒకే రేటు ఉండాలి. అలాగే పిల్లలు చేసిన వస్తువులను అమ్మి సంస్థకు నిధులు సమకూర్చుకోవడం ఎంత మాత్రం తగదు. ముప్పై సంచులు కుట్టించి దాతలకు పంచితే అది తరగతి కాదు, కూలి ఇవ్వని కార్ఖానా. చేసినది పిల్ల ఇంటికి తీసుకుపోవాలి, లేదా విప్పి మళ్లీ చేయాలి.

ఇక ఏర్పాట్లు. ‘పిల్లను పంపుతం గానీ మేడమ్, చిన్నోన్ని ఎవరు చూడాలె?’ అని తల్లులు అడుగుతారు. దీనికి జవాబు లేని వేసవి తరగతికి రాగలిగేది ఇంట్లో పనిలేని పిల్ల మాత్రమే. చిన్నవాళ్లను వెంట తెచ్చుకోవచ్చునని చెప్పి, వారి కోసం చాప పరిచి, ఒక మనిషిని పెట్టాలి. కోతల ఊళ్లలో కోత అయ్యాకే తరగతి మొదలవ్వాలి, ఎండ ముదరక ముందే ముగియాలి. వేసవిలో తాళం వేసి ఉండే ప్రభుత్వ పాఠశాలలో మరుగుదొడ్డి, నీళ్లు, ఫ్యాన్లు ఉన్నాయి. వాటిని తెరిపించడం స్థానిక సంస్థ బాధ్యత. భోజనం కూడా అడగాలి. కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ మధ్యాహ్న భోజనం పెట్టాలని స్వరాజ్ అభియాన్ కేసులో సుప్రీంకోర్టు 2016 మేలో ఆదేశించింది. ఆ ఆదేశం కరువుకు పరిమితమే కావచ్చు, కానీ సెలవుల్లోనూ పిల్లలకు ఆకలి వేస్తుందని దేశపు అత్యున్నత న్యాయస్థానం ఒకసారి ఒప్పుకుంది. దాన్ని పట్టుకుని మనం ముందుకు పోవచ్చు.

ఏడాదంతా చదివిన పిల్లలను సెలవుల్లోనైనా ఆడుకోనివ్వరా అని కొందరు మిత్రులు అంటారు. తప్పకుండా ఆడుకోవాలి. ఆడపిల్ల ఆడుకోగలిగే చోటు ఊళ్లో ఎక్కడుందో చూపించమనే మనం అడుగుతున్నది. మైదానం మగపిల్లలది, రచ్చబండ మగవాళ్లది, చెరువుగట్టు సాయంత్రమయ్యేసరికి మందు సీసాలది. కేంద్రంలో రోజుకు గంటసేపు ఏమీ నేర్పకుండా వదిలేసినా ఫరవాలేదు. అది వాళ్ల హక్కుగా దక్కిన గంట.

చివరి రోజున ప్రదర్శన పెట్టి, సర్టిఫికెట్లు పంచి, ఫొటోలు తీసి నివేదిక రాయడం మనకు అలవాటు. దాతలకు అవి కావాలి కాబట్టి రాయండి. మన లెక్క మాత్రం వేరుగా రాసుకుందాం. తరగతికి వచ్చిన ఆడపిల్లల పేర్లు పట్టుకుని జూన్‌లో బడి తెరిచాక మొదటి పదిహేను రోజులు హాజరుపట్టీ చూద్దాం. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, రాని పిల్ల ఎక్కడుంది, తోటలోనా, అత్తగారింట్లోనా, పట్నంలో ఎవరింట్లోనైనా పనికి కుదిరిందా అని ఇల్లిల్లూ తిరిగి తెలుసుకుందాం. ఆ సంఖ్య ఏటా ఎంత తగ్గితే మన వేసవి తరగతులు అంత బాగా నడిచినట్టు.